లాకుల దగ్గర ఆదివారం

మా అన్నయ్య తుని నుంచి ఫోన్ చేసి, "వసంతా, సోమవారం రాజమండ్రిలో నా కంటి ఆపరేషన్. మేం శనివారం పొద్దున్నే మీ ఇంటికొచ్చేస్తాం. మన లాకుల మ్యాపు నీ దగ్గరుందిగా, ఓసారి చూపించవే" అన్నాడు. ఆపరేషన్ మాట మామూలుగానే చెప్పాడు గానీ మ్యాపు మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించాడు. షుగరు వాడి కళ్ళను కొన్నేళ్ళుగా కొంచెం కొంచెంగా తినేస్తోంది. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోది ఇప్పుడు ఆవిరి పట్టిన అద్దంలా ఉందట. వదిన ఫోన్ తీసుకుని పక్కకి వెళ్ళి, "డాక్టరుగారు గట్టిగా ఏమీ చెప్పట్లేదమ్మా. ఉన్న చూపు నిలిస్తే అదే పదివేలు అన్నారు" అంది. ఇక ఆపరేషన్ అయ్యాక తీరిగ్గా చూపిస్తాలే అనడానికి లేదు. శనివారమే చూపించాలి. నేను సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక దిగులు పట్టుకుంది. ఎందుకంటే ఆ మ్యాపు అప్పటికి వారం రోజులుగా సరిగ్గా నడవడం లేదు.

మ్యాపంటే గోడకు తగిలించేది కాదు. మేం చదువుకునే రోజుల్లో కంప్యూటర్లో ఒక యుద్ధపు ఆట ఉండేది. ఊళ్ళు కట్టుకోవాలి, పొలాలు వేసుకోవాలి, సైన్యం పోగేసి పక్కవాడి మీదికి పోవాలి. దానితోపాటు మన మ్యాపు మనమే గీసుకునే ఎడిటర్ అని ఒక సాధనం వచ్చేది. కుంచెతో రాసినట్టు మౌసుతో నేల మీద రాస్తే ఒకచోట గడ్డి, ఒకచోట నీళ్ళు వచ్చేవి. ఇళ్ళూ మనుషులూ మనం పెట్టినచోట ఉండేవి. ఆ ఎడిటర్‌లో నేనూ అన్నయ్యా మేం పెరిగిన లాకుల ఊరిని గీశాం. ఆ ఆటకి ఇప్పుడు కొత్త రంగులు వేసి మళ్ళీ విడుదల చేశారు. యాభైకి దగ్గరపడి, డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకునే నేను ఇప్పటికీ అది ఆడతాను. స్టాఫ్‌రూములో "ఈ వయసులో మీకు గుర్రాలూ కత్తులూ ఏంటండి మేడం" అని నవ్వుతారు. నవ్వనీండి, వాళ్ళు చూసే సీరియళ్ళలో మాత్రం కత్తులు లేవా? పాత మ్యాపుని కొత్త ఆటలోకి తెచ్చుకుని, అప్పుడప్పుడూ తెరిచి ఊరు చూసుకునేదాన్ని. ఇంతలో కంపెనీవాళ్ళు ఏవో చిన్న చిన్న లోపాలు సరిచేస్తున్నామంటూ ఒక ప్యాచ్ వదిలారు. నన్ను అడక్కుండానే అది నా సిస్టంలోకి దిగిపోయింది. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఆనాటినుంచి ఆట ఈడుస్తోంది. మనుషులు ఒక అడుగు వేస్తారు, నిలబడిపోతారు, మళ్ళీ ఇంకో అడుగు. మా లాకుల మ్యాపు తెరిస్తే మరీ అన్యాయం, ఊరు ఊరంతా అడుగుకొకసారి బొమ్మల కొలువులా నిలబడిపోతోంది.

మా ఊరంటే పాలకొల్లుకు పోయే కాలువ మీద లాకులు. కాలువలో ఎగువ నీళ్ళు ఒక ఎత్తున, దిగువ నీళ్ళు ఒక ఎత్తున ఉంటాయి కాబట్టి పడవలు దిగడానికీ ఎక్కడానికీ రెండు జతల తలుపులు పెట్టి మధ్యలో తొట్టిలా కట్టిన చోటు అది. మా నాన్న అక్కడ ఇరిగేషన్‌లో లస్కరు. నీళ్ళు వదిలేది, ఆపేది, తలుపులు తీసేది, మూసేది ఆయనే. తలుపులకు పూసే గ్రీజు వాసన, పడవల్లో వచ్చే తడి కొబ్బరిపీచు వాసన, మా వంటింటి మూల తరవాణి కుండలో పులిసిన గంజి వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. ఇంట్లో అమ్మ, మామ్మ, మేమిద్దరం. మామ్మ అంటే నాన్నమ్మ, ఎప్పుడూ తెల్లచీరే కట్టేది. ప్రార్థన వదలని మనిషే గానీ ముక్కుపొడుం కూడా వదిలేది కాదు. పాస్టరుగారు వస్తున్నారంటే పొడుం డబ్బా బియ్యం డబ్బాలోకి పోయేది. ఆవిడ తుమ్మితే "దేవుడా కాపాడు" అని తనే అనుకుని, తనే "ఆమేన్" అనేది.

మా క్వార్టర్స్ కాలువకు ఈ గట్టున, మా చర్చి ఆ గట్టున. మధ్యలో లాకు తలుపుల మీదుగా ఒక చెక్క వంతెన. ఆదివారం గంట కొట్టగానే ఈ గట్టు మీది ఇళ్ళవాళ్ళందరూ ఉతికి గంజి పెట్టిన బట్టల్లో ఆ వంతెన మీదుగా వెళ్ళేవారు. నాన్న మాత్రం వచ్చేవాడు కాదు. నీళ్ళకు ఆదివారం ఉండదు అనేవాడు. అమ్మ ప్రతి ఆదివారం వంతెన మధ్యలో, తలుపులు తిప్పే చక్రం దగ్గర ఆగేది. బైబిలు చంకలో పెట్టుకుని, "ఏవండీ, ఇవాళైనా వస్తారా?" అనేది. "నువ్వు నడు, తలుపులేసి వచ్చేస్తా" అనేవాడు నాన్న. ఆయన రాడని అమ్మకు తెలుసు. అయినా కాసేపు అక్కడే నిలబడి నీళ్ళు చూస్తూ ఏదో ఒకటి మాట్లాడేది. కూర ఏం వండాలని అడిగేది, తన తమ్ముడి దగ్గర్నుంచి కబురు రాలేదనేది. వెనక వచ్చేవాళ్ళు ఆవిణ్ణి తప్పుకుని పోవలసి వచ్చేది. మామ్మ అవతలి గట్టు నుంచి "అమ్మాయ్, పాట మొదలెట్టేశారే" అని అరిచాకే కదిలేది. వారమంతా ఇంట్లో పనితో, బయట పనితో వాళ్ళిద్దరికీ నిలబడి మాట్లాడుకునే తీరిక అదొక్కటే ఉండేదని నాకు పెళ్ళయ్యాక గాని తట్టలేదు.

పాలకొల్లులో అన్నయ్య కంప్యూటర్ నేర్చుకున్న చోట ఒక పాత సిస్టం మూలపడేస్తే బతిమాలి ఇంటికి తెచ్చాడు. అమ్మ దానికి అల్లికల గుడ్డ కప్పింది. రోజూ అగరుబత్తి వెలిగించి దండం పెట్టే బాపతు కాదు మేం, లేకపోతే ఆ మర్యాద కూడా జరిగేదే. కరెంటు ఉన్నంతసేపు మేం ఎడిటర్ ముందు కూర్చునేవాళ్ళం. కాలువ గీశాం, లాకు పెట్టాం, వంతెన వేశాం. ఇక పొలాలు. ప్రపంచంలో ఇంకెవరైనా అయితే ఆకుపచ్చ రంగు పూసి పొలం అనుకుని ఊరుకునేవారు. మేం డెల్టావాళ్ళం, గట్టు లేని చేను మా కంటికి చేనులా కనపడదు. ఆటలో కోటగోడల ముక్కలుంటాయి, శత్రువు రాకుండా కట్టుకోవడానికి. వాటిలో అన్నిటికన్నా పొట్టివి ఏరి, ప్రతి చేను చుట్టూ గట్టు వేశాం. నాన్న భోజనం చేస్తూ తొంగిచూసి, "తూము ఏదిరా? నీళ్ళు ఎగిరి దూకుతాయా?" అన్నాడు. అది నిజమే కదాని ప్రతి గట్టుకీ కోట తలుపు ఒకటి పెట్టి దాన్ని తూము అన్నాం. అలా మా మ్యాపంతా గళ్ళ లుంగీలా తయారైంది.

మనుషుల్ని పెట్టడం ఇంకో సంబరం. చేతిలో బల్లెంతో కదలకుండా కాపలా కాసే సైనికుణ్ణి లాకు చక్రం దగ్గర నిలబెట్టి నాన్న అన్నాం. నెత్తిన బుట్టతో నడిచే ఆడమనిషి అమ్మ. ముసలావిడ బొమ్మ ఆటలో లేదు, అందుకని తెల్ల అంగీ వేసుకున్న సన్యాసి బొమ్మని పెట్టాం. మామ్మ మెడ చాచి చూసి, "మగాడిలా ఉన్నాడేంట్రా? పోన్లే, చీర తెల్లగానే ఉంది" అని సమాధానపడింది. ఒకసారి సరదాకి అవతలి మూల శత్రు సైన్యాన్ని పెట్టి యుద్ధం మొదలెట్టాం. ఆ గుర్రాలవాళ్ళు మా గట్ల మధ్య పడి, ఈ తూములోంచి ఆ చేలోకి, ఆ తూములోంచి ఈ చేలోకి తిరుగుతూ ఉండిపోయారు, ఊరి పొలిమేర కూడా తొక్కలేదు. నాన్న పగలబడి నవ్వడం నేను చూసిన కొద్ది సందర్భాల్లో అదొకటి. దాంతో అన్నయ్య యుద్ధం తీసేసి ఆదివారం పెట్టాడు. ఆట మొదలవగానే ఇళ్ళలోంచి, పొలాల్లోంచి అందరూ ఒకేసారి బయల్దేరి వంతెన దాటి చర్చికి చేరాలి. అంతే ఆట. గెలవడం, ఓడడం ఏమీ లేవు.

అమ్మకు చూపిస్తే కన్నార్పకుండా చూసి, చివర్న ముఖం చిన్నబుచ్చుకుంది. "నేను ఆగలేదేంట్రా? మీ నాన్నతో మాట్లాడకుండా ముక్కుసూటిగా పోతానా?" అంది. అన్నయ్య ఆవిణ్ణి వంతెన మీద ఆపాలని చాలా తంటాలు పడ్డాడు. నడవమంటే నడుస్తుంది, ఆపితే వెనకవాళ్ళ తోపులాటలో పక్కకి జరిగి నీళ్ళ ఒడ్డున నిలబడుతుంది. బొమ్మ అమ్మ ఎప్పుడూ నాన్నను దాటుకుని వెళ్ళిపోయేది. "వచ్చే ఆదివారానికి ఆపేస్తానమ్మా" అనేవాడు అన్నయ్య. తర్వాత వాడికి రైల్వేలో ఉద్యోగం వచ్చింది, నాకు చదువు, పెళ్ళి. ఆ పని అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు అక్కడ క్వార్టర్స్ లేవు. గట్టు వెడల్పు చేసి రోడ్డు వేశారు. చెక్క వంతెన ఉన్నచోట సిమెంటుది వచ్చింది, బళ్ళు దాని మీద ఆగకుండా పోతాయి. నాన్న, మామ్మ, ఆ తర్వాత అమ్మ, ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. మా ఇంట్లో ఎవరికీ ఫోటోలు దిగే అలవాటు లేదు. ఉన్న రెండు మూడూ పెళ్ళిళ్ళవి, వాటిలో అందరూ ఊపిరి బిగబట్టుకుని కెమెరా వంక చూస్తుంటారు. మా మనుషులు వాళ్ళ చోట వాళ్ళు వాళ్ళలా తిరిగేది ఆ మ్యాపులో ఒక్కచోటే. అన్నయ్య చూపించమని అడిగింది దాన్నే.

ఆ వారమంతా కాలేజీ నుంచి రావడం, సిస్టం ముందు కూర్చోవడం. ఈ ఆట ఆడేవాళ్ళ ఆన్‌లైన్ గుంపులో అడిగితే ఒకాయన విషయం చెప్పాడు. కొత్త ప్యాచ్ వచ్చాక ప్రతి మనిషీ అడుగు వేసేముందు దారి మొత్తం వెతుక్కుంటున్నాడట, ప్రతి తలుపు దగ్గరా ఇటు పోవచ్చా అటు పోవచ్చా అని లెక్క చూసుకుంటున్నాడట. "మీ మ్యాపులో ఇన్ని గోడలూ తలుపులూ ఎవరు పెట్టారండి బాబూ? పొలాలకు కోటలేంటి? అవన్నీ పీకెయ్యండి, పరుగెడుతుంది" అన్నాడు. కంపెనీవాళ్ళు ఇంకో ప్యాచ్‌లో సరిచేస్తారట, ఎప్పుడో చెప్పలేదు. పాతదానికి వెనక్కి పోయే దారి ఉందంటే ప్రయత్నించాను, నా సిస్టంలో కుదరలేదు. పోనీ గట్లు పీకేద్దామని ఎడిటర్ తెరిస్తే అది ఆటకన్నా పెద్ద మొండిఘటం. మౌసు ఒకచోట నొక్కితే పని కాసేపటికి ఇంకోచోట జరుగుతోంది. ఒక గట్టు తీసి కాలువ సరిచేయబోతే నీళ్ళు తెచ్చి మా వంటిల్లు మీద పోసింది. మామ్మ నడుం లోతు నీళ్ళలో నిలబడి ఉంది. నా ఒళ్ళు మండిపోయి ఆ మౌసుని కాలువలో పారేద్దామనిపించింది. చేసిన పని వెనక్కి తిప్పే మీట నొక్కి, నీళ్ళు పోయి గట్టు మళ్ళీ వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. ఆ తర్వాత గట్ల జోలికి పోవాలనిపించలేదు. అవన్నీ తీసేస్తే మిగిలేది ఏదో ఒక ఊరు, మా ఊరు కాదు.

దారి నాన్న చూపించాడు. ఆయన పోయి చాలా కాలమైనా ఇలాంటప్పుడు వచ్చి చూపిస్తూనే ఉంటాడు. రెండో పంట దాళ్వా రోజుల్లో కాలువకు నీళ్ళు తగ్గితే రైతులు మా గుమ్మం ముందుకు వచ్చి కేకలేసేవారు. "మా చేను నెర్రెలిచ్చేస్తంది, ఇవాళ వదలకపోతే ఎలాగండి లస్కరుగారూ" అని ఒకరంటే, "మా చేను మాత్రం పండగ చేసుకుంటోందా" అని ఇంకొకరు. నాన్న తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ, "అందరికీ ఒకేసారి వదిల్తే చివరి చేనుకు చుక్క పోదు. వంతు వేసుకుందామండి. ఇవాళ పైవాళ్ళు, ఎల్లుండి మీరు. నేనిక్కడే ఉంటాను, ఎక్కడికీ పోను" అనేవాడు. మళ్ళీ మళ్ళీ అదే మాట, అదే గొంతుతో చెప్పేవాడు, వాళ్ళ కోపం చల్లారేదాకా. శుక్రవారం ఆ మాట గుర్తొచ్చి, మ్యాపుకి కాపీ తీసి పెట్టుకుని, కాపీలో జనానికి వంతులు వేశాను. ముందు మామ్మ, ఆవిడ వంతెన దాటాక అమ్మ, తర్వాత పక్కింటివాళ్ళు, ఆ తర్వాత పొలాల్లోవాళ్ళు. ఎడిటర్ ఏడిపిస్తూనే ఉంది గానీ సాయంత్రానికి పని పూర్తయింది. ఒక గట్టు కూడా పీకకుండా ఆట నీళ్ళలా నడిచింది. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. అన్నయ్య కోసం ఇంత పని చేయగలిగానని గర్వం కూడా వేసిందని చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

శనివారం పొద్దున్నే వచ్చారు. అన్నయ్య వదిన భుజం పట్టుకుని మెట్లెక్కాడు. టిఫిన్ కూడా ముట్టలేదు. "ముందు ఊరు చూపించు, తర్వాతే నీ పెసరట్టు" అన్నాడు. కుర్చీ తెర దగ్గరికి జరిపాను. ఆట మొదలెట్టగానే మామ్మ గబగబా వంతెన దాటింది, వెనకే అమ్మ దాటింది, జనం వరసగా పోయారు. నేను ఉత్సాహం పట్టలేక వాడి ముఖం చూశాను. అన్నయ్య ముఖం ముందుకు పెట్టి, ఇంకా ముందుకు పెట్టి, చివరికి ముక్కు తెరకు తగిలేంతగా వంగాడు.

"ఏదో కదులుతోందే. తెల్లగా ఏదో పోయింది. మామ్మేనా?"

"మామ్మేరా అన్నయ్యా. ఆ తర్వాత అమ్మ కూడా వెళ్ళిపోయింది."

"వెళ్ళిపోయిందా?" అన్నాడు. "నేను చూడలేదు."

ఇంకోసారి పెట్టాను, మరోసారి పెట్టాను. వాడికి ఆ కంట్లో చూపు ఒకచోట కుదురుకోవడానికి కొంత సేపు పడుతుందట. కుదిరేలోపే మనిషి దాటిపోతోంది. వదిన "పోన్లెండి, ఆపరేషన్ అయ్యాక చూద్దురుగాని" అంది. అన్నయ్య "చూద్దాంలే" అని వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి పంచెతో తుడవడం మొదలెట్టాడు. అది మురికిగా ఏమీ లేదు. వారం రోజులు తంటాలు పడి, వాడికి అందకుండా పోయే ఊరిని తయారుచేశాను.

మా చిన్నతనంలో ఏదీ ఇంత వేగంగా పోయేది కాదు. పడవ లాకులోకి వస్తే వెనక తలుపులు మూసి, తొట్టిలో నీళ్ళు ఎక్కో దిగో సమానం అయ్యేదాకా ఆగాల్సిందే, ఎంత తొందరపడేవాడైనా. ఆ ఆగినంతసేపూ పడవవాళ్ళు మా గుమ్మంలోకి వచ్చి తరవాణి తాగేవారు, మామ్మతో కబుర్లు చెప్పేవారు. అమ్మ వాళ్ళ పిల్లల పేర్లు అడిగేది. మా ఇంటికి వచ్చిన మనుషులందరూ అలా ఆగినందువల్ల వచ్చినవాళ్ళే. ఇప్పుడు నేనూ ఎక్కడా ఆగను. లిఫ్టు రావడం ఆలస్యమైతే విసుక్కుంటాను, ఫోన్లో లోడింగు చక్రం తిరుగుతుంటే తిట్టుకుంటాను. మనం ఇప్పుడు బాగానే బతుకుతున్నాం, కాదనను. ఎవరి ముఖమైనా తీరిగ్గా చూసి ఎన్నాళ్ళయిందో మాత్రం చెప్పలేను.

"అన్నయ్యా, ఒక్క నిమిషం ఆగు" అని, కాపీ మూసేసి అసలు మ్యాపు తెరిచాను. వంతులు లేనిది, ఊరంతా ఒకేసారి బయల్దేరేది, ఈడ్చేది. తెర మీద చర్చి గంట మోగింది. జనం ఒక అడుగు వేసి నిలబడిపోయారు. అన్నయ్య మళ్ళీ ముందుకు వంగాడు. చాలాసేపు చూసి, వేలు తెర మీద పెట్టాడు.

"ఇది మామ్మ."

"మామ్మే."

ఇంకో అడుగు కదిలి ఆగింది ఊరు. "ఇవి మన గట్లు. తూములు కూడా కనపడుతున్నాయే! నాన్న చెప్పి పెట్టించాడు కదూ?" అంటూ వేలితో ఒక్కొక్క చేను తడుముతూ పోయాడు. వదిన వెనకే నిలబడి నోట్లో కొంగు పెట్టుకుంది. మళ్ళీ ఒక అడుగు, మళ్ళీ ఆగడం. బుట్ట నెత్తిన పెట్టుకున్న మనిషి వంతెన ఎక్కింది, ఒక్కో చెక్కా దాటుకుంటూ మధ్యకు వచ్చింది. అక్కడికి వచ్చేసరికి సిస్టం పూర్తిగా చేతులెత్తేసింది. ఏదీ కదలడం లేదు. బల్లెం పట్టుకున్న మనిషికి ఎదురుగా అమ్మ నిలబడి ఉంది. వెనక జనం కూడా ఆగిపోయారు. నేను కాసేపు చూశాను. ఇక కదిలేలా లేదు.

"బిగుసుకుపోయింది అన్నయ్యా. మూసి మళ్ళీ తెరవనా?" అని మౌసు అందుకోబోయాను.

అన్నయ్య తెర మీది వేలు తియ్యకుండానే రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనీవే" అన్నాడు. "నాన్నతో మాట్లాడుతోంది."